తాడు కోస్టర్ల మీద తెలుగు అక్షరాలు, బుట్ట మీద పాప పేరు: మిషన్ ఎంబ్రాయిడరీ అవుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ: గుంటూరులో ఇంటి దగ్గరే జిగ్‌జాగ్ మిషన్ మీద నూలు తాడు చుట్టలు చుట్టి, గ్లాసుల కింద పెట్టుకునే కోస్టర్లు, బుట్టలు కుడుతున్నారు. ఈ మధ్యే నాలుగంగుళాల ఫ్రేమున్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నారు. పెళ్లి రిటర్న్ గిఫ్టులకు అరవై కోస్టర్ల ఆర్డరు వచ్చింది, అన్నిటి మీదా వధూవరుల పేర్లలో మొదటి అక్షరాలు తెలుగులో కావాలన్నారు. కుట్టి చూస్తే కోస్టరు ఫ్రేములోంచి జారింది, రెండు సూదులు విరిగాయి, అక్షరం తాడు సందుల్లోకి దిగిపోయి సరిగ్గా కనబడలేదు. ఇంకొకరేమో బారసాలకు బుట్ట పక్కగోడ మీద పాప పేరు వేయమంటున్నారు. అసలిది అయ్యే పనేనా అని అడిగారు.

అవుతుంది. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. కోస్టర్‌ని ఎప్పుడూ ఫ్రేములో బిగించకండి. ఫ్రేములో బ్యాకింగ్ పేపర్ (కుట్టుకు కింద ఆధారంగా వేసే కాగితం) ఒక్కటే బిగించి, కోస్టర్‌ని దాని మీద అంటించి కుట్టండి. బుట్టకైతే గోడ లేచాక దాని మీద మిషన్ ఎంబ్రాయిడరీ ఆలోచనే వద్దు. అడుగు భాగం బల్లపరుపుగా ఉన్నప్పుడే అక్కడ వేసుకోవాలి, లేదా గుడ్డ మీద పేరు కుట్టి గోడలో కలిపేయాలి. ఇక మీ అరవై కోస్టర్ల ఆర్డరు నాకు వచ్చి ఉంటే తాడు మీద సూదే దించను. గుడ్డ బిళ్ల మీద అక్షరం కుట్టి, ఆ బిళ్ల చుట్టూ తాడు తిప్పుతాను. ఆ పద్ధతి కింద వివరంగా రాశాను. తొందరలో ఉంటే అదొక్కటి చదువుకున్నా మీ పని గడుస్తుంది.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో పదహారేళ్లుగా ఎంబ్రాయిడరీ పని చేస్తున్నాను. మొదట మోకాలితో కుట్టు వెడల్పు మార్చుకునే జిగ్‌జాగ్ మిషన్ మీద జాకెట్లకు చేత్తో తిప్పుతూ పువ్వులు వేసేదాన్ని, తర్వాత కంప్యూటర్ మిషన్ తీసుకున్నాను. తాడు పని మొదలుపెట్టి ఆరేళ్లయింది. మీకు ఎదురైనవన్నీ నాకూ ఎదురయ్యాయి.

ముందు ఆ తప్పులు ఎందుకు వస్తున్నాయో చూద్దాం. కారణం తెలిస్తే మందు మీకే తోస్తుంది.

ఫ్రేము చేసినది పలచటి గుడ్డ కోసం. లోపలి రింగుకీ బయటి రింగుకీ మధ్య 5 మిల్లీమీటర్ల తాడు చుట్టని దూర్చి స్క్రూ బిగిస్తే అది పట్టుకున్నట్టే ఉంటుంది కానీ పట్టుకోదు. మిషన్ ఫ్రేముని అటూ ఇటూ వేగంగా లాగుతుంటే పది కుట్లకో వందకో జారుతుంది. జారకపోయినా రింగు అంచు తాడు మీద లోతుగా అచ్చు దిగుతుంది, ఆ నొక్కు ఇస్త్రీ చేసినా పూర్తిగా పోదు. నా మొదటి ఆర్డరు ఒక గృహప్రవేశానికి నలభై కోస్టర్లు. అలాగే బిగించి కుట్టాను. పదకొండు పాడయ్యాయి. కొన్నిటిలో అక్షరం పైసగం ఒకచోట, కిందిసగం నాలుగు మిల్లీమీటర్లు పక్కన పడింది.

ఆ జరగడానికి ఇంకో కారణం కూడా ఉంది, చాలామంది గమనించరు. ఎంబ్రాయిడరీ ఫుట్, అంటే సూది చుట్టూ ఉండే పాదం, గుడ్డని ఎప్పుడూ నొక్కి ఉంచదు, సూది దిగినప్పుడు మాత్రమే తాకి, మళ్లీ కొంచెం లేస్తుంది. అది లేచే ఎత్తు కన్నా మీ కోస్టర్ మందం ఎక్కువైతే, ఫ్రేము కదిలే ప్రతిసారీ ఫుట్ కోస్టర్‌ని పక్కకు తోస్తుంది. అందుకే మీ మిషన్ సెట్టింగుల్లో ఫుట్ ఎత్తు పెంచే వీలుందేమో చూడండి. వీలు లేకపోతే తాడు సన్నం చేసుకోవడమే దారి. తాడు మీద నేరుగా ఎంబ్రాయిడరీ వేయాలనుకున్న కోస్టర్లకు నేను 4 మిల్లీమీటర్ల తాడే వాడతాను. 6 మిల్లీమీటర్లది బుట్టలకు ఉంచుకుంటాను. కుట్టిన కోస్టర్‌ని తడిగుడ్డ వేసి ఆవిరి ఇస్త్రీతో గట్టిగా నొక్కితే ఇంకొంచెం అణుగుతుంది, గట్లు కూడా కాస్త చదునవుతాయి. ఈ ఒక్క పనికే తేడా తెలుస్తుంది, మానకండి.

సూది ఎక్కడ విరిగిందో మీరు రాయలేదు. నా అంచనా, కోస్టరు నడిమధ్యలో. అక్కడ తాడు కొసని మడిచి మొదటి చుట్టు తిప్పుతాం కదా, ఆ రూపాయి బిళ్లంత జాగాలో తాడు మెలి, దాని మీద రెండు మూడు సార్లు తొక్కిన జిగ్‌జాగ్ దారం, అన్నీ కలిసి రాయిలా ఉంటాయి. మామూలుగా డిజైన్ మొదలయ్యేది కూడా సరిగ్గా నడుమనే. మామూలు 11 నంబరు సూది అక్కడ దిగి, వంగి, కింద ప్లేటుకు కొట్టుకుని విరుగుతుంది. తాడుకి 14 నంబరు జీన్స్ సూది వేయండి. వేగం నిమిషానికి 400 కుట్లకు దించండి. పై దారం టెన్షన్ (బిగువు) ఒక అంకె తగ్గించండి. మొదటి కుట్టు మాత్రం మోటారుతో కాకుండా చక్రం చేత్తో తిప్పి దించండి, సూది ఎంత బరువుగా దిగుతుందో చేతికే తెలుస్తుంది. అక్షరాన్ని నడుమ నుంచి కొంచెం కిందికో పక్కకో జరిపితే ఇంకా మంచిది.

సూది విరిగితే ఒక జాగ్రత్త. ముక్కలన్నీ దొరికేదాకా ఆ కోస్టర్‌ని పక్కన పెట్టండి. ఒకసారి నాకు సూది మొన కనబడలేదు. కిందపడి ఉంటుందనుకున్నాను. ప్యాక్ చేసే ముందు అలవాటుగా అరచేత్తో నిమిరితే చిటికెన వేలికి ఏదో గీరుకుంది. తాడు పోగుల్లో, తెల్లటి దారం పక్కన, బియ్యపు గింజలో సగమంత మొన నిలువుగా నాటుకుని ఉంది. కంటికి అసలు తెలియలేదు. అది చిన్న పిల్లలున్న ఇంటికి వెళ్లే కోస్టరు. ఆ రోజు నుంచి మిషన్ పక్కన గట్టి అయస్కాంతం ఒకటి పెట్టుకుని, సూది విరిగిన ప్రతి కోస్టరు మీదా రెండు వైపులా తిప్పుతాను. విరిగిన ముక్కలు పేర్చి సూది పొడవు సరిపోయిందా అని కూడా చూస్తాను. మీరూ ఇది చేయండి.

ఇక అక్షరం సందుల్లోకి దిగిపోవడం. తాడు చుట్ట అంటే గట్టు, కాలువ, గట్టు, కాలువ. గట్టు మీద పడిన కుట్టు నిలుస్తుంది, కాలువలో పడినది మునుగుతుంది. దీనికి మూడు పనులు కలిపి చేయాలి, ఒక్కటి చేస్తే సరిపోదు. మొదటిది, కోస్టర్ పైన నీళ్లలో కరిగే ఫిల్మ్ పరచాలి. రెండోది, అసలు అక్షరానికి ముందు తాడు రంగు దారంతోనే, కుట్లు దూరదూరంగా, ఒక మిల్లీమీటరు ఎడంతో, అక్షరం కన్నా కొంచెం పెద్ద జాగాలో ఒక పరుపు కుట్టించాలి. అది కాలువల మీద వంతెన వేసినట్టు పనిచేస్తుంది. మూడోది, అక్షరం గీత సన్నగా ఉండకూడదు. తాడు మీద 2.5 మిల్లీమీటర్ల కన్నా సన్నని గీత నిలవదు.

కుట్లు దిగిపోతున్నాయని దట్టం పెంచకండి. అందరూ ముందు చేసేది అదే, నేనూ చేశాను. 0.4 మిల్లీమీటర్ల ఎడం గుడ్డకు సరిపోతుంది, తాడుకీ అదే చాలు. అంతకన్నా దట్టంగా కొడితే సూది తాడు పోగుల్ని, చుట్టల్ని కలిపిన మీ జిగ్‌జాగ్ దారాన్ని కోసేస్తుంది. పై నుంచి బాగానే ఉంటుంది కానీ రెండు ఉతుకుల తర్వాత చుట్టల మధ్య వెలుతురు కనిపిస్తుంది.

కరిగే ఫిల్మ్ గురించి చిన్న మాట. కృష్ణా తీరపు వానాకాలం మీకు తెలుసు కదా, గాల్లో తేమకే అది మెత్తబడి సాగిపోతుంది. బియ్యం డబ్బాలాంటి బిగుతు మూత డబ్బాలో పెట్టుకోండి. కుట్టాక గోరువెచ్చటి నీళ్లలో రెండుసార్లు జాడించండి, ఒక్కసారితో వదిలేస్తే ఆరాక జిగురు పట్టి అక్షరం బిరుసెక్కుతుంది. ఫిల్మ్ లేదని పాలిథీన్ కవరు పరిచి కుట్టేవాళ్లున్నారు. చింపితే పై ముక్క ఊడుతుంది, కుట్ల కింద చిక్కుకున్నది ఉండిపోతుంది. కస్టమరు వేడి కాఫీ గ్లాసు పెట్టే వస్తువుకి అది చేయకండి.

అంటించే పద్ధతి: ఫ్రేములో చింపే రకం బ్యాకింగ్ పేపర్ డప్పులా బిగించండి. దాని మీద స్ప్రే గమ్ పలచగా కొట్టి కోస్టర్ పెట్టి నొక్కండి. మిషన్ దగ్గర స్ప్రే కొట్టకండి, దూరంగా అట్టపెట్టెలో పెట్టి కొట్టండి, లేకపోతే ఆ జిగురు కింది దారం ఉండే బాబిన్ కేసు దాకా చేరుతుంది. మే నెల బెజవాడ ఎండకు ఈ జిగురు కరిగి సూదికి పట్టుకుంటుంది, దారం ఊరికే తెగుతుంటుంది. అప్పుడు నాలుగైదు కోస్టర్లకొకసారి సూదిని స్పిరిట్ గుడ్డతో తుడవాలి. జిగురొక్కదాన్నే నమ్మకుండా, డిజైన్ చుట్టూ పొడవాటి టాకా కుట్టు ఒకటి ముందు వేయించండి, పని అయ్యాక విప్పేయవచ్చు. స్టికర్‌లా అంటుకునే బ్యాకింగ్ పేపర్ కూడా దొరుకుతుంది, ఖర్చు ఎక్కువ గానీ పది ముక్కల పనికి అదే సుఖం.

కరెంటు పోయే భయం ఉంటే మిషన్‌కి యూపీఎస్ పెట్టుకోండి. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పది కుట్లు వెనక్కి వెళ్లి అందుకోండి, అతుకు తెలియదు.

తెలుగు అక్షరాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మనకే ఉన్న సమస్య. ఇంగ్లీషు అక్షరాలు మిషన్‌లోనే ఉంటాయి, నొక్కితే వస్తాయి. తెలుగుకి డిజైన్ విడిగా చేయించుకోవాలి. ఫొటో ఇస్తే సాఫ్ట్‌వేర్ దానంతటదే కుట్లుగా మార్చే పద్ధతి మన లిపికి పనికిరాదు. దానికి తలకట్టు ఎక్కడ విడిపోవాలో తెలియదు. ప, వ సంగతే చూడండి. ప మీద తలకట్టు విడిగా ఉంటుంది, వ మీద కలిసి ఉంటుంది. ఆ చిన్న సందు దారం లావుకి మూసుకుపోతే పద్మ కాస్తా వద్మ అవుతుంది. థ లోపలి చుక్క పోతే అది ధ. ధ కింద ఒత్తు గీత తాడు సందులో పడిందా, అది ద అయి కూర్చుంటుంది. పెళ్లికూతురి పేరు తప్పు పడితే ఆ కోస్టరు ఎవరికీ ఇవ్వలేం.

అందుకని డిజైన్ చేయించేటప్పుడు మూడు మాటలు చెప్పండి. అక్షరం ఎత్తు 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అక్షరంలో ప్రతి సందూ కనీసం 2 మిల్లీమీటర్లు తెరిచి ఉండాలి. ఒత్తుల్ని అసలు ఫాంటులో ఉన్నదాని కన్నా కొంచెం పెద్దవి చేసి, కొంచెం దూరం జరపాలి. డిజైన్ మీరే చేసుకోవాలనుకుంటే ఇంక్‌స్కేప్‌తో పనిచేసే ఇంక్‌స్టిచ్ ఉచితంగా దొరుకుతుంది. తెలుగు ఫాంటులో అక్షరం టైపు చేసి, దాన్ని గీతలుగా మార్చి, సందులు చేత్తో సరిచేసుకోవచ్చు. లావుగా, గుండ్రంగా ఉండే ఫాంటు ఎంచుకోండి, సన్నగా మొదలై లావెక్కే కలం రాత ఫాంటులు వద్దు. ర, ల, గ, న లాంటివి తాడు మీద ముచ్చటగా వస్తాయి, ఆ గుండ్రదనం చుట్టలతో కలిసిపోతుంది. శ్రీ అడిగితే మాత్రం నేను తాడు మీద వేయను, గుడ్డ మీదే వేస్తాను.

ఇంకో ఉపాయం. గుండ్రటి చుట్టలో కాలువలు అన్ని వైపులా తిరుగుతాయి కాబట్టి ఏ కోణంలో కుట్టినా ఎక్కడో ఒకచోట కుట్టు కాలువ వెంబడే పడుతుంది. అదే తాడుని అటూ ఇటూ వరుసలుగా పేర్చి నలుచదరం కోస్టర్ కుడితే కాలువలన్నీ ఒకే దిక్కున ఉంటాయి. కుట్లు వాటికి అడ్డంగా పడేలా డిజైన్ తిప్పుకుంటే చాలు, మునగడం సగానికి పైగా తగ్గుతుంది. నడుమ రాయిలాంటి మెలి కూడా ఉండదు. నేరుగా తాడు మీదే అక్షరం కావాలని పట్టుబట్టే కస్టమర్‌కి నేను నలుచదరమే చూపిస్తాను.

ఇప్పుడు మీ అరవై కోస్టర్ల సంగతి. నేను చేసే విధానం ఇది.

మందపాటి నూలు గుడ్డ తీసుకోండి. మన రెండూళ్ల మధ్యే మంగళగిరి ఉంది కాబట్టి చేనేత గుడ్డ కావాలంటే అదీ వాడవచ్చు. ఆ నేత పలచన కాబట్టి వెనక ఫ్యూజింగ్ బక్రం ఇస్త్రీ చేసి అంటించాలి. ఆ గుడ్డని ఫ్రేములో మామూలుగా బిగించండి. 45 మిల్లీమీటర్ల వృత్తం, అందులో అక్షరాలు, వృత్తం అంచున 3 మిల్లీమీటర్ల వెడల్పు శాటిన్ కుట్టు (దారం పక్కపక్కనే నిండుగా పరుచుకునే కుట్టు). మీ నాలుగంగుళాల ఫ్రేములో ఇలాంటివి నాలుగు పడతాయి. అంటే పదిహేను సార్లు ఫ్రేము బిగిస్తే అరవై బిళ్లలు తయారు. గుడ్డ కాబట్టి అక్షరం 15 మిల్లీమీటర్లున్నా స్పష్టంగా వస్తుంది, రెండక్షరాలు పక్కపక్కనే పడతాయి.

శాటిన్ అంచు పక్కగా, కుట్టు తెగకుండా చిన్న కత్తెరతో బిళ్ల కత్తిరించండి. ఇప్పుడు జిగ్‌జాగ్ మిషన్ మీద బిళ్ల ఎడమ పక్క, 5 మిల్లీమీటర్ల తాడు కుడి పక్క ఉంచి, కుట్టు వెడల్పు 5, పొడవు 2 పెట్టి, సూది ఒకసారి శాటిన్ అంచులో, ఒకసారి తాడులో పడేలా నెమ్మదిగా మొదటి చుట్టు తిప్పండి. ఈ మొదటి చుట్టే ఓపికగా చేయాల్సింది. రెండంగుళాలకొకసారి సూది కిందకే ఉంచి, ఫుట్ ఎత్తి, బిళ్ల తిప్పుకోండి. తాడుని లాగకండి, వదులుగా అందించండి. లాగితే బిళ్ల గిన్నెలా లోపలికి గుంట పడుతుంది. తర్వాత చుట్లు మీకు అలవాటైనవే. ఆరు చుట్లు తిప్పితే కోస్టర్ 10.5 సెంటీమీటర్లు వస్తుంది.

తాడు లెక్క చెబుతాను, ఎక్కువ తక్కువ కొనకుండా. చుట్టిన జాగా వైశాల్యాన్ని తాడు మందంతో భాగిస్తే తాడు పొడవు వస్తుంది. ఇలా బిళ్ల పెట్టిన కోస్టర్‌కి సుమారు 1.4 మీటర్లు పడుతుంది. అరవైకి 85 మీటర్లు. కొసల తరుగు, పాడయ్యేవి కలుపుకుని 100 మీటర్లు తీసుకోండి, అంతా ఒకేసారి తీసుకోండి. మళ్లీ వెళితే తెలుపు రంగులో తేడా వస్తుంది, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చిన ఇంకో గుణం ఉంది. తాడు మందం, గుడ్డ పలచన. కాబట్టి బిళ్ల తాడు కన్నా కాస్త లోతుగా కూర్చుంటుంది. గ్లాసు తాడు మీద నిలుస్తుంది, అక్షరాలకు తగలదు. తాడు మీద ఉబ్బెత్తుగా ఎంబ్రాయిడరీ వేస్తే స్టీలు గ్లాసు దాని మీద ఊగుతుంది. ఫొటోలో అందంగా ఉంటుంది గానీ నీళ్లు తొణుకుతాయి. మీరు నేరుగా వేసిన నమూనా మీద నిండు గ్లాసు ఒకసారి పెట్టి చూడండి.

తాడు కొనేటప్పుడు, మీ పట్నం బజారులోనైనా మా వన్‌టౌన్‌లోనైనా, కొస ఒకటి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. పైన నూలు, లోపల పాలిస్టర్ ఉన్న తాళ్లు కూడా వస్తున్నాయి, అందుకే పైపొర విప్పి లోపలి పోగు విడిగా కాల్చండి. ఈ పనికి పేనిన తాడు కన్నా అల్లిన తాడు మంచిది. పేనిన దాని మీద మెలికల వల్ల సూది పక్కకి జారుతుంది, కుట్టేకొద్దీ పురి విడిపోతుంది. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి ముందే నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టి అప్పుడు కుట్టండి. లేకపోతే కస్టమర్ ఇంట్లో మొదటి ఉతుకులో తాడు ముడుచుకుని, ఎంబ్రాయిడరీ ముడుచుకోక, అక్షరం ఉబ్బుతుంది.

దారం పాలిస్టర్ ఎంబ్రాయిడరీ దారమే వాడండి. రేయాన్ మెరుపు బాగుంటుంది, ఒప్పుకుంటాను, కానీ ఎండాకాలం చల్లటి నీళ్ల గ్లాసుకి చెమట పట్టి కోస్టర్ రోజంతా తడిసే ఉంటుంది. ఎరుపు, మెరూన్ రేయాన్ తెల్ల తాడు మీద రంగు దిగడం నేను చూశాను. ఏ దారమైనా సరే, మూర దారం తడిపి తెల్ల గుడ్డలో చుట్టి పది నిమిషాలు నొక్కి ఉంచి చూడండి. పెళ్లి కదా అని జరీ అడుగుతారు. తాడు రాపిడికి జరీ పైపూత లేచి లోపలి పోగు బయటపడుతుంది, గుడ్డ బిళ్ల మీదైతే సరే. ఒకటి మాత్రం కస్టమర్‌కి ముందే చెప్పాలి. ఇవి గ్లాసులకు, కప్పులకు. పొయ్యి మీంచి దించిన మూకుడు, బాణలి వీటి మీద పెట్టకూడదు, పాలిస్టర్ దారం ఆ వేడికి కరుగుతుంది. వేడి గిన్నెల కిందకి కావాలంటే తాడు, కుట్టే దారం అంతా నూలే పెట్టి, ఎంబ్రాయిడరీ లేకుండా విడిగా కుట్టివ్వండి.

బుట్ట దగ్గరకి వస్తాను. అడుగు చుట్ట కుట్టాక, దాన్ని పైకి ఎత్తి మిషన్ ఒంటికి ఆనించి కుడితేనే గోడ లేస్తుంది, అది మీకు తెలిసిందే. ఒకసారి లేచిన గోడ మళ్లీ బల్లపరుపు కాదు. ఇంటి మిషన్ చేయి కింద బుట్ట పట్టదు, ఫ్రేము దాని లోపలికి పోదు. కాబట్టి రెండే దారులు.

ఒకటి, అడుగున వేయడం. 15 సెంటీమీటర్ల అడుగు కుట్టాక తాడు తెంపకుండా ఆగండి. తోక తాడుని చుట్టి క్లిప్పు పెట్టి మిషన్ పక్కకి కట్టేయండి, అది సూది కిందికి వస్తే అంతా చిక్కుపడుతుంది. అడుగుని పైన చెప్పినట్టే పేపర్ మీద అంటించి పువ్వో అక్షరమో కుట్టించి, తర్వాత అదే తాడుతో గోడ ఎత్తండి. 6 మిల్లీమీటర్ల తాడుతో చేస్తే ఫుట్ ఎత్తు ముందు చూసుకోండి. ఈ కొలత అడుగుకి 3 మీటర్లు, 10 సెంటీమీటర్ల గోడకి దాదాపు 8 మీటర్ల తాడు పడుతుంది. దసరాకి పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే బుట్టలకి నేను ఇలాగే అడుగున తామర వేస్తాను, లోపలివి తీయగానే కనబడుతుంది.

రెండోది, పాప పేరుకి ఇదే సరైనది. గుడ్డ పట్టీ మీద పేరు కుట్టి, మడిచి, 7 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా ఇస్త్రీ చేయండి. గోడ పూర్తి కావడానికి ఇంకా మూడు చుట్లు ఉండగా ఆగి, పట్టీ పై అంచుని రెండు తాళ్ల మధ్య పెట్టి జిగ్‌జాగ్ కుట్టుకుంటూ పోండి. పట్టీ గోడ మీద వేలాడుతుంది, కింది అంచుని తర్వాత చేతి సూదితో నాలుగు చోట్ల పట్టించండి. కుట్టే ముందు పేరు తలకిందులు కాలేదు కదా అని ఒకసారి చూసుకోండి, బుట్ట మిషన్ మీద పక్కకి వాలి ఉంటుంది కాబట్టి పొరబడటం తేలిక. ఒక బారసాలకు తొమ్మిది బుట్టలు ఇలాగే చేశాను. మేనత్త ఒకావిడ వచ్చి పేరు నేరుగా తాడు మీద ఉండాలని గట్టిగా అడిగారు. తాడు మీద వేసిన నమూనా, పట్టీ నమూనా రెండూ చేతిలో పెట్టాను. కాసేపు రెండిటినీ వేలితో తడిమి పట్టీదే తీసుకున్నారు. చేతిలో పెట్టి చూపిస్తే కస్టమర్లు అర్థం చేసుకుంటారు, అందుకే రెండు నమూనాలూ ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

పెళ్లి తేదీ దగ్గర్లో ఉంటే ఈరోజే డిజైన్ తయారు చేయించుకుని, ముందు నాలుగు బిళ్లలు కుట్టి, అందులో ఒకదాని చుట్టూ తాడు తిప్పి, ఉతికి ఆరబెట్టి పెళ్లివారికి చూపించండి. అక్షరాలు సరిగ్గా ఉన్నాయని వాళ్ల చేత అనిపించుకున్నాకే మిగతావి మొదలుపెట్టండి. దారం ఇంకా తెగుతున్నా, అక్షరం వంకరపోయినా, బిళ్ల వెనక వైపు ఫొటో ఇక్కడ పెట్టండి. ముందు వైపు కన్నా వెనక వైపు చూస్తేనే టెన్షన్ ఎక్కడ తప్పిందో చెప్పగలుగుతాను.